పేరులేని ముఖములు: తెలుగునాటి వెలుపలి తెలుగువారి ఛాయాచిత్రములు

మనుష్యుడు గతించిన పిమ్మట అతనిని గుర్తుచేయునవి ముఖ్యముగా రెండు: పేరు, రూపము. ఛాయాచిత్రకళ పుట్టుటకు పూర్వము సామాన్య గృహస్థుని రూపము ఒక తరముతోనే మాసిపోయెడిది. పేరు మాత్రము తద్దినపు మంత్రములలోను, మనుమల పేర్లలోను, ఇంటి దస్తావేజులలోను మరి కొన్ని తరములు నిలిచెడిది. ఛాయాచిత్రము వచ్చిన పిదప ఈ స్థితి తారుమారైనది. నేడు అనేక గృహములలో నూరేండ్లనాటి ముఖములు గోడలపై స్పష్టముగా నిలిచియున్నవి. కాని ఆ ముఖములెవరివో చెప్పగలవారు తగ్గిపోవుచున్నారు.

ఈ విషయము తెలుగువారందరికిని సంబంధించినదే యైనను, తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి మరింత ముఖ్యమైనది. చెన్నపట్టణము, మధుర, తంజావూరు, బెంగుళూరు, బళ్లారి, బరంపురము, షోలాపురము, బొంబాయి, యానాము మున్నగు స్థలములందలి తెలుగు కుటుంబముల చరిత్ర రాజశాసనములలో కొంత, ప్రభుత్వపత్రములలో కొంత దొరకును. సామాన్యుల ఇంటి చరిత్ర మాత్రము పెద్దల నోటను, పెట్టెలలోని పటములందును మిగిలియున్నది. పెద్దల నోట నున్నది వారితోనే పోవును. కావున పటములను చరిత్రాధారములుగా పరిశీలించుట, అవి చెప్పునదేమి, చెప్పలేనిదేమి అని నిర్ణయించుట అవసరము.

కెమెరాకు పూర్వము

రూపమును నిలుపుకొనవలెనను కోరిక కెమెరాతో పుట్టినది కాదు. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలు, ఆయన దేవేరులు తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలు నేటికిని యాత్రికులు చూచుచున్నారు. ఆ ప్రతిమలపై వారి పేర్లు చెక్కబడియున్నవి. అందుచేత నాలుగు శతాబ్దములకు పైగా గడచినను అవి ఎవరివను సందేహము కలుగలేదు. మధురలో పుదుమండపమునందు తిరుమల నాయకుని యొక్కయు, ఆ వంశపు రాజుల యొక్కయు శిలాప్రతిమలు కలవు. దక్షిణదేశమునకు వలసవచ్చి రాజ్యములేలిన తెలుగు నాయకులు తమ రూపములను దేవాలయస్తంభములయందే నిలుపుకొనిరి. అది రాజులకు మాత్రమే సాధ్యమైన పని.

రాతి తరువాత రంగు వచ్చినది. తంజావూరు చిత్రకళ యని నేడు ప్రసిద్ధినొందిన బంగారు రేకుల చిత్రలేఖనమును తరతరములుగా సాధనచేసినవారిలో తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతముల రాజులు, మధుర ప్రాంతపు నాయుళ్లు ముఖ్యులు. వీరు తెలుగు మాటాడు కుటుంబములవారు. దేవతామూర్తులను వ్రాసిన తంజావూరు చిత్రకారులే కుంఫిణీ దొరల కోరికపై మరియొక విధమైన చిత్రములను గూడ వ్రాసి యిచ్చిరి. ఒక్కొక్క కులమునకు, ఒక్కొక్క వృత్తికి ఒక భార్యాభర్తల జంటను వ్రాసి, వారి చేతులలో వృత్తిపరికరముల నుంచి, క్రింద కులనామమును తెలుపు చిత్రమాలికలవి. అందు కుమ్మరి కలడు, సాలెవాడు కలడు, సిపాయి కలడు. వారిలో నెవ్వనికిని స్వంత పేరు లేదు. మనుష్యుని గాక మాదిరిని చిత్రించు ఈ పద్ధతి కెమెరా రాకమునుపే దక్షిణదేశమున నెలకొనియున్నదని గుర్తించుట ముఖ్యము.

ఇందుకు విలోమమైన ఉదాహరణము త్యాగరాజస్వామి. తిరువయ్యారున జీవితము గడపి 1847లో సిద్ధినొందిన ఆ తెలుగు వాగ్గేయకారునకు ఛాయాచిత్రము లేదు. నేడు పూజామందిరములలో కనబడు ఆయన రూపము చిత్రకారుల కుంచెనుండి వచ్చినదే గాని కెమెరానుండి వచ్చినది కాదు. అయినను ఆయన పేరును, పాటయు చెక్కుచెదరలేదు. పేరు నిలిచినచో రూపమును భావన చేసికొనవచ్చును. రూపము మాత్రమే నిలిచినచో పేరును భావన చేసికొనుట సాధ్యము కాదు.

కెమెరా రాక

ఫ్రాన్సుదేశమున దగేర్ కనుగొనిన విధానము 1839లో లోకమునకు వెల్లడియైనది. మరుసటి సంవత్సరారంభముననే కలకత్తా పత్రికలలో ఆ యంత్రముల అమ్మకపు ప్రకటనలు వెలువడెను. బొంబాయిలో 1854లోను, కలకత్తా చెన్నపట్టణములందు 1856లోను ఛాయాచిత్రకారుల సంఘములు ఏర్పడినవి. చెన్నపట్టణమున 1850లో కళాశాలను స్థాపించిన డాక్టరు అలెగ్జాండర్ హంటరు అచ్చటి సంఘస్థాపనయందును ప్రముఖుడు. ఆ దశాబ్దముననే మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడుగా నియమితుడైన లినేయస్ ట్రైప్ తంజావూరు, మధుర నగరముల దేవాలయములను, తిరుమల నాయకుని మహలును చిత్రించెను. ఆయన దృష్టి మనుష్యులపైకంటె కట్టడములపై హెచ్చుగా నిలిచినది. దానికొక కారణము ఆనాటి పనితీరులోనే కలదు. కట్టడము కదలదు.

మనుష్యుని చిత్రించుట ఆ దినములలో సులభకార్యము కాదు. 1851లో ఆర్చర్ ప్రకటించిన తడి పలకల పద్ధతి పిమ్మటి మూడు దశాబ్దములు రాజ్యమేలినది. గాజుపలకపై కొలోడియను ద్రవమును సమముగా పోసి, చీకటిలో వెండి లవణపు నీటియందు ముంచి, తడియారకమునుపే చిత్రము తీసి, వెంటనే మందులతో కడుగవలెను. దక్షిణదేశపు ఎండకు ఆ తడి త్వరగా నారిపోవును గాన పనియంతయు కొలది నిమిషములలో ముగియవలసినదే. చిత్రము దిగువాడు కొన్ని క్షణములపాటు ఊపిరి బిగబట్టి కదలక యుండవలెను. తల కదలకుండుటకై వెనుకనుండి ఇనుప ఊతకోలను ఆనించుటయు కలదు. పాతచిత్రములలో పెద్దలు గంభీరముగా, కొంత బెదిరినట్లుగా కనబడుటకు వారి స్వభావము కారణమని తలచుట పొరపాటు. ఆ గాంభీర్యములో కొంత భాగము ఇనుపకోలది, కొంత భాగము తడి పలకది.

1854లో ఫ్రాన్సునందు డిజ్డేరీ అను నతడు ఒకే పలకపై అనేక చిన్నచిత్రములు తీయు పద్ధతికి హక్కు పొందెను. సుమారు నాలుగంగుళముల ఎత్తు, రెండున్నర అంగుళముల వెడల్పుగల అట్టలపై అంటించిన ఈ చిత్రములు చవుకైనవి. 1860ల మధ్యనుండి వీనికంటె పెద్దవియగు కాబినెట్ అట్టలు వ్యాపించినవి. 1871లో మ్యాడాక్స్ ప్రకటించిన పొడి పలకల పద్ధతి కొలది సంవత్సరములలో వాడుకకు వచ్చి తడిపలక యొక్క తొందరను తొలగించినది. 1888లో కొడాక్ కెమెరాయు, 1900లో ఒక డాలరు వెలగల బ్రౌనీ కెమెరాయు వచ్చుటతో చిత్రము తీయుట వృత్తిపరులకే పరిమితము కాకపోయెను. అట్ట పరిమాణము, కాగితపు జాతి, అంచున అచ్చొత్తిన స్టూడియో పేరు ఇవి మూడును పరిశీలించినచో, తేదీ లేని చిత్రమును గూడ ఒకటి రెండు దశాబ్దముల యెడముతో కాలనిర్ణయము చేయవచ్చును. చెన్నపట్టణపు నికొలస్ కంపెనీ, వీలే అండ్ క్లైన్ వంటి స్టూడియోల ముద్రలు ఇట్టి నిర్ణయమునకు ఉపకరించును.

పరులు తీసిన చిత్రములు

దక్షిణదేశమున సామాన్యులు తమంతట తాము స్టూడియోకు పోకమునుపే పరులు వారిని చిత్రించిరి. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కేయీల సంపాదకత్వమున 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అను గ్రంథమున 468 ఛాయాచిత్రములు కలవు. అందు చాలభాగము మనుష్యులు తమ కులముయొక్కయు, జాతియొక్కయు పేరుతోనే పరిచయము చేయబడిరి. తంజావూరు చిత్రమాలికలలోని పద్ధతియే ఇచ్చట రంగుకు బదులు వెండితో సాగినది.

1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామము బళ్లారి, కర్నూలు, కడప మండలములను ఘోరముగా దెబ్బతీసినది. ఆ కాలమున మద్రాసు సైన్యమునకు చెందిన విల్లోబీ వాలెస్ హూపర్ అను అధికారి క్షామపీడితులను చిత్రించెను. ఎముకలపై చర్మము మాత్రమే మిగిలిన స్త్రీపురుషులను, శిశువులను వరుసగా కూర్చుండబెట్టి తీసిన ఆ చిత్రములు నాటి దుస్థితికి తిరుగులేని సాక్ష్యము. అయినను అవి చూచువారిని వేరొక ప్రశ్న కూడ బాధించును. ఆ పిల్లను ఒడిలో పెట్టుకొనిన తల్లి పేరేమి? ఆమె ఏ యూరినుండి వచ్చినది? చిత్రము తీసినవానికి ఆ ప్రశ్న తోచలేదు. అట్టపై వ్రాసినది క్షామమును గూర్చియే గాని మనుష్యులను గూర్చి కాదు.

మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాలాధ్యక్షుడైన ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి సహాయమున 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణభారత కులవర్ణన గ్రంథము తెలుగు కులముల చరిత్రకు నేటికిని తరచుగా ఉదాహరింపబడుచున్నది. దానిని పరిశీలించువారు దాని లోపమును గూడ గుర్తించవలెను. ముక్కు కొలతలు, తల కొలతలు తీసిన ఆ శాస్త్రమునకు ముఖము ఒక నమూనా మాత్రమే. కులనామము వ్రాసినచో కావలసిన దంతయు వ్రాసినట్లే యని దాని భావము.

పరులు తీసిన చిత్రములలో ఒక తెగ మాత్రము దీనికి భిన్నముగా నున్నది. యానామునకు సమీపమునగల కోరంగి రేవునుండి పందొమ్మిదవ శతాబ్దియందు అనేకులు తెలుగువారు కూలిఒడంబడికలపై మారిషసు దీవికి పోయిరి. వారిని అచ్చట కోరంగివారని పిలుచుటకు ఆ రేవే కారణము. మారిషసు ప్రభుత్వము 1867 నాటి చట్టముచే ఒడంబడిక తీరిన కూలీలు తమ ఛాయాచిత్రము అంటించిన చీటీని వెంటనుంచుకొని తిరుగవలెనని శాసించినది. అది వారి సంచారమును అరికట్టుటకు చేసిన ఏర్పాటు. చిత్రమునకు కూర్చుండినవాడు తన యిష్టముచే కూర్చుండలేదు. అయినను వలసకూలీల దస్త్రములందు సంఖ్యతోపాటు పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామము మున్నగునవి వ్రాయబడినవి. ఆ దస్త్రములు నేడు మారిషసునందలి మోకా నగరమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. తమ పూర్వులను వెదకికొనువారు అచ్చట సంఖ్యనుబట్టి పేరును, పేరునుబట్టి గ్రామమును తెలిసికొనగలుగుచున్నారు.

ఇందు ఒక వైపరీత్యము కలదు. అనుమానముతో తీసిన చిత్రమునకు పేరు దక్కినది. ప్రేమతో తీయించుకొనిన చిత్రమునకు దక్కలేదు. పోలీసువానికి ఆ మనుష్యుడు తెలియడు గనుక వ్రాసికొనెను. ఇంటివారికి తెలియును గనుక వ్రాసికొనలేదు.

తన్ను తాను చూచుకొనుట

తమ చిత్రమును తాము తీయించుకొనుట మొదట ధనికులకును, ఉద్యోగులకును మాత్రమే సాధ్యమయ్యెను. ఇరువదవ శతాబ్దారంభమునకు పట్టణవాసులలో వకీళ్లు, ఉపాధ్యాయులు, వర్తకులు, కంట్రాక్టర్లు స్టూడియోల మెట్లెక్కిరి. ఫొటో తీయించుకొనినచో ఆయుస్సు తగ్గునను నమ్మకము తెలుగువారిలోను, ఇరుగుపొరుగు జాతులలోను బలముగా నుండెడిది. అందుచేత అనేకులు జీవితమున ఒకే ఒక్కసారి, అదియు వార్ధక్యమున, పిల్లల బలవంతముపై చిత్రము దిగిరి. గోడలపైనున్న పూర్వులు ఎక్కువమంది వృద్ధులే యగుటకు ఇదియు ఒక కారణము.

చెన్నపట్టణపు తెలుగువారిలో ఈ వృత్తిని చేపట్టి ప్రసిద్ధినొందినవాడు రఘుపతి వెంకయ్యనాయుడు. 1869లో బందరున జన్మించిన ఈయన చెన్నపట్టణము చేరి ఛాయాచిత్రకారుడై స్టూడియోను నిర్వహించెను. నిశ్చలచిత్రముతో తృప్తిపడక, 1909 ప్రాంతమున తన స్టూడియోను తాకట్టుపెట్టి శబ్దముతోకూడిన చలనచిత్రములను చూపు క్రోనోమెగాఫోను యంత్రమును కొని, చెన్నపట్టణమునను, బెంగుళూరునను, తెలుగు జిల్లాలలోను, బర్మా సింహళములందును ప్రదర్శనలిచ్చెను. తరువాత చెన్నపట్టణమున గెయిటీ సినిమాశాలను కట్టించెను. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మప్రతిజ్ఞ' అను మూగచిత్రమును నిర్మించెను. తెలుగు చలనచిత్ర పితామహుడని వెంకయ్యనాయుని కీర్తించువారు అనేకులు. ఆ చలనచిత్రచరిత్రకు పునాది, కుర్చీలో కూర్చుండి కదలక చిత్రము దిగిన సామాన్యుల చిల్లరడబ్బు అను సంగతి తలచువారు కొలదిమందియే.

స్వంతచిత్రమునకు పేరు జతపడిన స్థానమొకటి తెలుగుసంస్కృతియందు గలదు. అది పుస్తకము. కావ్యమును అంకితము పుచ్చుకొనిన కృతిపతిని పద్యములలో వర్ణించుట ప్రాచీనమర్యాద. అచ్చుపుస్తకములు వచ్చి, చుక్కల దిమ్మెలపై ఛాయాచిత్రములను ముద్రించు విధానము వ్యాపించిన పిదప, ఆ వర్ణనకు తోడుగా కృతిపతి చిత్రమును, గ్రంథకర్త చిత్రమును ముఖపత్రమునకు ప్రక్కన ముద్రించుట ఆచారమైనది. కాశీనాథుని నాగేశ్వరరావుపంతులు 1908లో బొంబాయియందు స్థాపించి 1914లో చెన్నపట్టణమునకు తరలించిన ఆంధ్రపత్రికయు, 1924లో స్థాపించిన భారతియు కవుల, పండితుల, దేశనాయకుల ముఖములను తెలుగు చదువరులకు పరిచయముచేసినవి. ఈ రెండు పత్రికలును తెలుగుజిల్లాల వెలుపలి నగరములందు వర్ధిల్లినవను సంగతి ఇచ్చట స్మరింపదగినది. అచ్చుపడిన ముఖమునకు క్రింద పేరును అచ్చుపడును. ఇంటి గోడపై పటమునకు ఆ భాగ్యము లేదు.

కుటుంబ చిత్రము చెప్పునది, చెప్పనిది

కుటుంబ సమూహచిత్రము ఒక చిన్నసభ వంటిది. నడుమ కుర్చీలో గృహయజమాని, ప్రక్కన ఆయన తల్లియో భార్యయో, వెనుక నిలిచిన కుమారులు, క్రింద జంపఖానాపై పిల్లలు. ఎవరు కూర్చుండిరి, ఎవరు నిలిచిరి, ఎవరి చేయి ఎవరి భుజముపై నున్నది అను విషయములు ఆ యింటి మర్యాదలను తెలుపును. తలపాగా చుట్టిన తీరు, చీర కట్టిన తీరు, నగల రకము, బొట్టు, ముడి, జడ ఇవన్నియు ప్రాంతమును, కాలమును సూచించును. షోలాపురపు సాలెకుటుంబమున తాత తలపాగా ఒక విధముగను, మనుమని టోపి మరియొక విధముగను కనబడినచో, ఆ రెండు తరముల నడుమ ఆ కుటుంబము క్రొత్తనేలకు ఎంత అలవాటుపడినదో ఊహించుటకు వీలు కలుగును.

అయినను పరిశోధకుడు జాగరూకుడై యుండవలెను. వెనుక కనబడు మేడమెట్లు, స్తంభములు, తోట ఇవి తెరపై వ్రాసిన రంగులు. బల్లపైని పుస్తకములు, పూలకూజా, గడియారము స్టూడియో సొత్తు. కోటును, గడియారపు గొలుసును గూడ స్టూడియోవారు అరువిచ్చుట కలదు. చేతిలో పుస్తకమున్నంతమాత్రమున చదువుకొనినవాడని చెప్పరాదు. చదువుకొనినవానివలె కనబడవలెనని కోరినాడని మాత్రము చెప్పవచ్చును. ఆ కోరికయు చరిత్రయే. కాని ఆస్తికిని, ఆశకును భేదము తెలియక వంశచరిత్ర వ్రాసినచో అది కట్టుకథ యగును.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. పరపురుషుడైన ఫొటోగ్రాఫరు ఎదుట కూర్చుండుటకు అనేక కులముల స్త్రీలు సంకోచించిరి. హైదరాబాదున ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్, ఘోషాస్త్రీలకొరకై 1892లో ప్రత్యేకముగా ఒక స్టూడియోను నెలకొల్పి, కెన్నీ లెవిక్ అను ఆంగ్లస్త్రీని దానికి అధికారిణిగా నియమించెను. అంతటి ఏర్పాటు సామాన్యులకు అందుబాటులో లేదు. అందుచేత స్త్రీల చిత్రములు పెండ్లికి ఒకటి, సమూహములో ఒకటి అన్నట్లు కొలదిగానే మిగిలినవి.

ఉన్న చిత్రములకైనను పేర్లు లేవు. వంశవృక్షములలో పురుషుల పేర్లు వరుసగా నుండును. స్త్రీ 'భార్య' అనియో, 'కుమార్తె' అనియో మాత్రమే యుండును. ఆస్తిపత్రములలో ఆమె కనబడదు, శాసనములలో కనబడదు. నూరేండ్లక్రిందటి సామాన్య తెలుగుస్త్రీ యుండెననుటకు కొన్ని యిండ్లలో ఆ ఒక్క పటమే సాక్ష్యము. ఆ సాక్షికి పేరు లేకుండుట మిక్కిలి శోచనీయము.

చనిపోయినవారి చిత్రమును పెద్దదిగా చేయించి, పటము కట్టించి, దండవేసి, గాజుపై బొట్టుపెట్టు ఆచారము చిత్రమునకు పూజార్హతను కలిగించినది. ఆ పూజయే కొన్ని చిత్రములను కాపాడినది. కాని పూజింపబడు పటమును విప్పి వెనుక వ్రాయుటకు ఎవ్వరును సాహసింపరు. తాతగారు, నాయనమ్మగారు అను పిలుపే ఒక తరమునకు చాలును. తరువాతి తరమునకు వారు ముత్తాత, తాతమ్మ. అటుపిమ్మట వారు 'ఎవరో పెద్దవారు' మాత్రమే. ఎరిగినవారు వ్రాయరు, వ్రాయదలచినవారు ఎరుగరు. పటము పేరులేని దగుటకు ఇంతకంటె వేరు కారణము లేదు.

ఎల్లలు, లిపులు, ఇంటిపేర్లు

తెలుగునాటి వెలుపలి కుటుంబములకు ఈ నష్టము రెండింతలు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమై బరంపురము అందు చేరినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి మైసూరులో కలిసినది. 1954లో ఫ్రెంచి పాలన తొలగినను యానాము పుదుచ్చేరితో కూడియే యున్నది. చెన్నపట్టణము తమిళదేశపు రాజధానిగా నిలిచినది. ఈ కుటుంబములలో అనేకులు కాలు కదపకుండగనే అన్యరాష్ట్రవాసులైరి. పిల్లలు బడిలో ఒరియా, కన్నడము, తమిళము, మరాఠీ నేర్చిరి. ఇంట తెలుగు మాటాడుదురు గాని అనేకులు తెలుగు చదువలేరు.

ఇట్టి యిండ్లలో ఏ పూర్వుడైనను దూరదృష్టితో పటము వెనుక తెలుగున నాలుగు ముక్కలు వ్రాసియుంచినచో, ఆ వ్రాత మనుమలకు చిత్రలిపియే యగుచున్నది. చదువలేని వ్రాతగల అట్ట చిరిగినపుడు దానిని మార్చి క్రొత్త అట్ట వేయించుట జరుగును. పాత అట్టతోపాటు పేర్లును చెత్తబుట్ట పాలగును.

ఇంటిపేరు మరియొకటి. తెలుగువారికి ఇంటిపేరు పూర్వగ్రామమునకు, పూర్వవృత్తికి, వంశమునకు తాళపుచెవి వంటిది. తమిళదేశమున తండ్రిపేరు మొదటి అక్షరమును ముందుంచుకొనుట వాడుక గనుక, అచ్చటి తెలుగువారిలో అనేకుల ఇంటిపేర్లు బడిపుస్తకములలోగాని కచేరీపత్రములలోగాని కనబడవు. పెండ్లిసంబంధములు వెదకునపుడు మాత్రమే అవి పెద్దల నోట వినబడును. ఆ పెద్దలు పోయినచో ఇంటిపేరును పోవును. ఫలానావారు ఏ కాలమున, ఏ సీమనుండి, ఏ కారణమున వలస వచ్చిరో తెలిసికొనుటకు ఇంటిపేరుకంటె దగ్గరి ఆధారము సామాన్య కుటుంబములకు లేదు. అందుచేత పటము వెనుక వ్రాయదగినవానిలో ఇంటిపేరు మొదటిది.

చేయదగిన పని

ఛాయాచిత్రమునకు గల శత్రువులు కొన్ని: తేమ, ఎండ, పురుగు, చవుక అట్టలోని ఆమ్లము, సరిగా కడుగని చిత్రమునందు మిగిలిన మందు. ఆల్బుమెను కాగితపు చిత్రములు పసుపుబారును. వెండి చిత్రములు అంచులవద్ద అద్దమువలె మెరసి మాసిపోవును. స్టూడియోలు మూతబడినపుడు గాజుపలకలు పగిలియో, కడుగబడి కిటికీలకు పోయియో నశించినవి. ఇవన్నియు రూపనాశములు. నామనాశము మాత్రము వీనికంటె వేగముగా, చప్పుడు లేకుండ జరుగుచున్నది. దానికి మందు కష్టమైనది కాదు.

పటమును ఎండతగలని గోడకు మార్చవలెను. గాజుకు అంటుకొనిపోయిన చిత్రమును బలవంతముగా ఊడదీయరాదు. దానిని గాజుతోనే ప్రతి తీయించుట మేలు. స్టూడియో ముద్రగల అట్టను కత్తిరించరాదు. చిత్రము వెనుక సిరాతో గాక మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ వ్రాయవలెను. ఎడమనుండి కుడికి వరుసగా ఒక్కొక్కరి పేరు, స్త్రీలకు పుట్టినింటిపేరు మెట్టినింటిపేరు రెండును, బంధుత్వము, ఊరు, సంవత్సరము, ఈ వివరములు చెప్పినవారి పేరు వ్రాయవలెను. ఊహించినదానికిని, ఎరిగి చెప్పినదానికిని భేదము చూపవలెను. తెలుగులిపిలోను, ఆ రాష్ట్రపు లిపిలోను రెండు విధములను వ్రాసినచో తెలుగు చదువలేని మనుమడును చదువగలడు. ఆంధ్రదేశమునుండి వచ్చిన పరిశోధకుడును చదువగలడు.

తెలుగుసంఘములు ఈ కార్యమును సామూహికముగా చేయదగును. ఉగాదికి పంచాంగశ్రవణముతోపాటు ఒక పూట పటములకు కేటాయించి, ఇంటింటి పాత చిత్రములను తెప్పించి, ఎనుబదేండ్లు దాటినవారిని కూర్చుండబెట్టి అడిగి వ్రాసికొనినచో, ఒక సంవత్సరమున లభించు చరిత్ర పదిసంవత్సరముల దస్త్రపరిశోధనకు లొంగదు. ప్రతులు తీసి ఒకచోట చేర్చి, అసలు చిత్రములను ఎవరివి వారికి తిరిగి ఇయ్యవలెను. లేనిచో రెండవమారు ఎవ్వరును తీసికొనిరారు.

ఇది పాతచిత్రములకు మాత్రమే వర్తించు మాట కాదు. 2010 తరువాతి కాలమున ప్రతివాని చేతి ఫోనులోను కెమెరా నెలకొన్నది. తన చిత్రమును తానే తీసికొనుటకు స్టూడియో అక్కరలేదు, ఇనుపకోల అక్కరలేదు. ఒక్క పెండ్లికి వేలకొలది చిత్రములు తీయుచున్నారు. యంత్రము తేదీని తానే వ్రాసికొనును, స్థలమునుగూడ గుర్తించగలదు. ఆ ప్రక్కన నిలిచిన ముసలమ్మ వరునకు మేనత్తయో, వధువుకు అమ్మమ్మయో మాత్రము యంత్రమునకు తెలియదు. అది తెలిసినవాడు చెప్పవలసినదే, వ్రాయవలసినదే. పూర్వము చిత్రము ఒక్కటియే గనుక ఆ ముఖమును నలుగురు గుర్తుంచుకొనిరి. నేడు లెక్కకు మిక్కిలియైన చిత్రములలో ఏ ముఖమును గుర్తుంచుకొనవలసిన అవసరము తోచుట లేదు.

ధాతువుతో చేసిన రాయల ప్రతిమకు పేరు చెక్కుటకు శిల్పి కావలసివచ్చెను. కాగితపు పటము వెనుక పేరు వ్రాయుటకు పెన్సిలు చాలును. తెలుగునాటికి దూరముగా నున్న ఏ కుటుంబమైనను తన పూర్వుల చరిత్ర లేదని విచారించుటకు ముందు, ఇంటిలోని పటములను దింపి, బ్రతికియున్న పెద్దలకు చూపి, వారు చెప్పిన పేర్లను ఆ దినముననే వ్రాసికొనవలెను. ఆ పెద్దలు గడచిన పిమ్మట ఎంతటి పరిశోధకునకైనను ఆ ముఖములు పరుల ముఖములే యగును.